గుండ్రం అంటే బంతా, బిళ్లా?

"భూమి ఏ ఆకారంలో ఉంటుంది?" అని ఏడేళ్ల పిల్లను అడిగితే "గుండ్రంగా ఉంటుంది" అని టక్కున చెబుతుంది. మనం సంతోషించి తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం. వెళ్లకుండా ఇంకొక్క ప్రశ్న అడిగి చూడండి: "చాలా రోజులు ఆగకుండా తిన్నగా నడుచుకుంటూ పోతే చివరికి ఎక్కడ తేలతావు?" "భూమి అంచు దగ్గర" అనే జవాబు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ పిల్ల మొదటి జవాబు అబద్ధం కాదు. తెలుగులో నాణెమూ గుండ్రమే, బంతీ గుండ్రమే. ఆమె మనసులో ఉన్న భూమి ఒక పెద్ద బిళ్ల. మనం బంతి అనుకుని అడిగాం, ఆమె బిళ్ల అనుకుని చెప్పింది, ఇద్దరికీ ఒకే మాట సరిపోయింది.

ప్రాథమిక తరగతుల్లో ఖగోళం చెప్పడంలోని చిక్కంతా ఇక్కడే ఉంది. సరైన మాట నోట పలికినంత మాత్రాన సరైన బొమ్మ మనసులో ఏర్పడినట్టు కాదు.

ఈ విషయాన్ని పట్టుకుని పరిశోధించినవారిలో స్టెల్లా వోస్నియాడు, విలియం బ్రూవర్ ముఖ్యులు. అమెరికాలో ఒకటి, మూడు, ఐదు తరగతులు చదివే 60 మంది పిల్లలతో మాట్లాడి, 1992లో వారు ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లల జవాబులనూ గీసిన బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రకరకాల భూములు బయటపడ్డాయి. కొందరిది పలకలాంటి భూమి, కొందరిది బిళ్లలాంటిది. కొందరికి రెండు భూములున్నాయి: మనం నిలబడే నేల ఒకటి, టీచరు చెప్పిన గుండ్రటి భూమి ఇంకొకటి, అది పైన ఆకాశంలో ఎక్కడో ఉంటుంది. మరికొందరు బంతినే ఒప్పుకున్నారు గానీ అది లోపల బోలుగా ఉంటుందనీ, మనం దాని లోపల చదునైన నేల మీద నివసిస్తామనీ అన్నారు. ఇంకొందరు బంతిని పైనా కిందా నొక్కి చదును చేసుకున్నారు.

వీటిని తప్పులుగా మాత్రమే చూస్తే ఆ పిల్లల బుర్ర పడిన శ్రమ మనకు కనిపించదు. నేల చదునుగా ఉందని వాళ్ల కళ్లు చెబుతున్నాయి. ఆసరా లేని వస్తువు కింద పడుతుందని ఒళ్లంతా ఎరుగును. ఇంతలో నమ్మదగిన పెద్దవాళ్లు "భూమి గోళం" అన్నారు. మూడింటినీ వదులుకోకుండా ఎలా ఇముడ్చుకోవాలి? బోలు బంతి ఆ ప్రశ్నకు ఎంతో తెలివైన జవాబు. ఆ తర్వాత వచ్చిన కొందరు పరిశోధకులు ఈ నిర్ధారణలతో విభేదించారు. బొమ్మ గీయమనడమే పిల్లలను తికమక పెడుతుందనీ, తయారుగా ఉన్న నమూనాలను ముందుపెట్టి ఎంచుకోమంటే చిన్నపిల్లలు కూడా చాలాసార్లు గోళాన్నే చూపిస్తారనీ వారి వాదన. ఆ చర్చలో ఎవరి పక్షం బలమైనదైనా, పాఠం చెప్పేవారికి పని మారదు. మాట అడిగి ఊరుకోకూడదు. గీయించాలి, మట్టితో చేయించాలి, చేతికి బంతి ఇచ్చి "మనం ఎక్కడున్నాం, చూపించు" అనాలి. బంతి అడుగున ఉన్నవాళ్లు ఎందుకు పడిపోవడం లేదని పిల్లలే అడుగుతారు. అప్పుడే "కింద" అనే మాటకు కొత్త అర్థం చెప్పే అవకాశం వస్తుంది: భూమి మీద ఎక్కడ నిలబడినా కింద అంటే భూమి నడిమధ్య వైపు. బంతి మీద నాలుగు చోట్ల మనిషి బొమ్మలు అతికించి, ఒక్కొక్కరి చేతిలోంచి జారిన రాయి ఎటు పోతుందో బాణం గుర్తుతో గీయమనండి. గురుత్వాకర్షణ అన్న పదం ఆ తర్వాత వచ్చినా చాలు.

పిల్లలను ఇబ్బంది పెట్టేవి లెక్కలూ కావు, పెద్ద పెద్ద పేర్లూ కావు. వాళ్లు ఒకేసారి రెండు చోట్ల నిలబడాల్సి వస్తుంది, అదీ కష్టం. నేల మీద నిలబడి చూస్తే సూర్యుడు తూర్పున పొడిచి పడమట కుంగుతాడు, చంద్రుడు పెరిగి తరుగుతాడు. పాఠ్యపుస్తకంలోని బొమ్మ మాత్రం భూమిని వదిలి ఎక్కడో దూరాన నిలబడి చూసినట్టు గీసి ఉంటుంది. అందులో సూర్యుడు కదలడు, భూమి కదులుతుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా వెళ్లాలో ఆ పేజీలో ఎక్కడా ఉండదు. మనం మాత్రం మొదటి రోజే పిల్లలను ఎత్తుకుపోయి అంతరిక్షంలో నిలబెడతాం. వాళ్లు బొమ్మను బట్టీ పడతారు, ఆకాశాన్ని మాత్రం పాత కళ్లతోనే చూస్తుంటారు.

భాష కూడా ఇక్కడ ఒక చేయి వేస్తుంది. "భూమి తిరుగుతుంది" అంటాం. తన చుట్టూ తాను తిరగడమూ తిరగడమే, సూర్యుని చుట్టూ తిరగడమూ తిరగడమే. ఈ రెండూ కలిసిపోబట్టే, భూమి సూర్యుని చుట్టూ తిరగడం వల్ల రాత్రీ పగలూ వస్తాయని చాలామంది పిల్లలు రాస్తారు. తేడా చూపించడానికి పుస్తకం భ్రమణం, పరిభ్రమణం అనే జంటను తెచ్చింది. కేవలం ఒక ఉపసర్గ తేడాతో ఉన్న రెండు పదాలు ఎనిమిదేళ్ల పిల్లలకు కవలల్లాంటివి. ఏది ఏదో పరీక్ష రోజున తారుమారు కాక తప్పదు. పదాలను కొన్నాళ్లు పక్కనపెట్టి "బొంగరంలా తిరగడం", "గుంజ చుట్టూ పరుగెత్తడం" అంటూ ఆడించి, ఆ తర్వాత పేర్లు చెబితే అవి నిలుస్తాయని నా నమ్మకం. వేగుచుక్క చుక్క కాదు, శుక్రగ్రహం. తోకచుక్క కూడా చుక్క కాదు, మంచూ ధూళీ కలిసిన ముద్ద. రాలిపడే చుక్కల్లో చాలావరకు గాలితో రాపిడికి మండిపోయే ఇసుకరేణువంత తునకలు. ఇలాంటి మాటలను తప్పని కొట్టిపారేయనక్కరలేదు. ఆకాశాన్ని శ్రద్ధగా గమనించినవాళ్లు కంటికి ఎలా కనిపించిందో అలాగే పేర్లు పెట్టారు. ఒక్కో పేరు వెనక ఏముందో విప్పి చూపితే అదే చక్కని పాఠం.

పాఠం నేల మీద, నీడతో మొదలుకావాలి. ఎండలో ఒక కర్రను నిటారుగా పాతి, గంటకోసారి నీడ కొసన గుర్తు పెట్టించండి. సూర్యుని వైపు నేరుగా చూడకూడదని, అది కంటిని శాశ్వతంగా దెబ్బతీస్తుందని ముందే గట్టిగా చెప్పాలి. నీడ ఉంటే సూర్యుణ్ణి చూడాల్సిన అవసరమే రాదు. నీడ ఉదయం ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు పడుతుంది. మధ్యలో కురచవుతుంది. ఇది పిల్లలు తమ చేతులతో సంపాదించిన సమాచారం, ఎవరో చెప్పినది కాదు. ఇప్పుడు అడగండి: సూర్యుడు కదలడం వల్ల నీడ జరిగిందా, మనం కదలడం వల్లనా? నిజానికి నీడను చూసి ఈ రెండింటిలో ఏదో తేల్చలేం. మనిషి జాతికి వేల ఏళ్లు పట్టింది అందుకే. పిల్లలకు ఈ మాట నిజాయితీగా చెప్పాలి.

తర్వాత గదిని చీకటి చేసి మధ్యలో ఒక దీపం పెడదాం. ప్రతి పిల్లా తానే భూమి. తల పైభాగం ఉత్తర ధ్రువం, ముక్కు మన ఊరు. నిలబడిన చోటే మెల్లగా ఎడమవైపుకు తిరగాలి. దీపం మొదట ఎడమ కంటి కొసన తొంగిచూస్తుంది, అది సూర్యోదయం. ముక్కుకు సూటిగా వస్తే మధ్యాహ్నం. కుడి కంటి కొసన మాయమైతే సూర్యాస్తమయం. అలా చూస్తే ఎడమచెయ్యి తూర్పు, కుడిచెయ్యి పడమర. దీపం కదలలేదని పిల్లలకు తెలుసు, అయినా అది కళ్ల ముందు ఎడమ నుంచి కుడికి జరిగింది. ఇందాక విడివిడిగా ఉన్న రెండు చూపులు ఇక్కడ ఒకే శరీరంలో కలిశాయి. ఆర్యభటుడు సామాన్యశకం 499లో ఇదే సంగతికి పడవ పోలిక చెప్పాడు: ముందుకు సాగే పడవలో కూర్చున్నవాడికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు అలా కనిపిస్తాయి. బస్సు కిటికీ పక్కన కూర్చున్న ఏ పిల్లకైనా ఈ పోలిక ఇట్టే అందుతుంది.

చంద్రుడి సంగతికి ఎక్కువ ఓపిక కావాలి. చంద్రకళలకు భూమి నీడే కారణమని నమ్మేవాళ్లు పెద్దల్లోనూ కొల్లలు. ఈ అపోహను వివరణతో తీయడం కష్టం, చూపుతో తీయడం సులువు. అర్ధచంద్రుడు కనిపించే సాయంత్రం సూర్యుడు పడమట కుంగుతుంటే చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. భూమి నీడ సూర్యుడికి ఎదురు దిక్కున, అంటే తూర్పు వైపు పడుతుంది. నడినెత్తిన ఉన్న చంద్రుణ్ణి అది తాకే దారే లేదు.

అందుకే చంద్రుడి పాఠాన్ని నెల రోజుల దినచర్యతో మొదలుపెట్టాలి. రోజూ ఒక గడి, అందులో ఆ రోజు కనిపించిన చంద్రుడి ఆకారం, సమయం, దిక్కు. మబ్బు పడితే మబ్బు అనే రాయాలి, ఊహించి గీయకూడదు. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్యకు సుమారు 29న్నర రోజులు. చంద్రుడు సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. ఈ రెండు సంఖ్యలనూ మనం చెప్పనక్కరలేదు, దినచర్య సరిగా రాస్తే వాటి జాడ పిల్లలకే దొరుకుతుంది. పున్నమి దాటిన కొద్దిరోజుల్లో బడి మొదలయ్యే వేళకు పడమటి ఆకాశంలో తెల్లటి చంద్రుడు ఉంటాడు. చంద్రుడు రాత్రిపూట మాత్రమే ఉంటాడనే నమ్మకం ఆ ఒక్క ఉదయంతో చెరిగిపోతుంది. సూర్యుడూ చంద్రుడూ ఇద్దరూ ఆకాశంలో ఉన్న అలాంటి వేళ ఒక తెల్ల బంతిని చేతికిచ్చి, ఎండ తగిలేలా చంద్రుడి దిక్కుగా చాచి పట్టుకోమనండి. బంతి మీద వెలుగు ఏ ఆకారంలో పడిందో, పక్కన చంద్రుడూ సరిగ్గా అదే ఆకారంలో ఉంటాడు. ఏ తరగతి గది నమూనా కూడా దీనికి సాటి రాదని నా అభిప్రాయం. పది సెకన్లు చాలు, ఎవరూ ఏమీ చెప్పనవసరం లేదు.

గదిలో దీపంతో ఇదే ఆట ఆడితే ఒక చిక్కు వస్తుంది. బంతిని దీపానికి ఎదురు వైపు పట్టుకోగానే పిల్లల తల నీడ దాని మీద పడి, పున్నమి రావాల్సిన చోట గ్రహణం వస్తుంది. బంతిని కాస్త పైకెత్తితే నీడ తప్పుకుంటుంది. నిజంగా ఆకాశంలో జరిగేదీ అదే. చంద్రుడి దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అంతటి దూరంలో ఆ వాలు చంద్రుణ్ణి భూమి వ్యాసానికి రెండున్నర రెట్లకు పైగా ఎత్తుకో లోతుకో తీసుకెళుతుంది. ప్రతి పున్నమికీ గ్రహణం రాకపోవడానికి అదే కారణం.

"అంతటి దూరం" అన్నాను గానీ, ఆ దూరం ఎంతో చూపకపోతే పై వాక్యం గాలిలో ఉండిపోతుంది. పుస్తకాల్లోని సౌరమండలం బొమ్మలు దూరం విషయంలో దారుణంగా తప్పు చెబుతాయి. కాగితం పట్టదు కాబట్టి వాటికి వేరే దారి లేదు, కానీ ఆ మాట పిల్లలకు ఎవరూ చెప్పరు. 30 సెంటీమీటర్ల గ్లోబును భూమి అనుకుంటే చంద్రుడు 8 సెంటీమీటర్ల బంతి. దాన్ని గ్లోబుకు ఎంత దూరంలో పెట్టాలో అడగండి. పిల్లలూ పెద్దలూ ఒక జానెడో మూరెడో దూరం చూపిస్తారు. పెట్టాల్సింది 9 మీటర్ల దూరంలో. నిజమైన దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు, అంటే భూగోళాలను ముప్పయ్యింటిని వరుసగా పేర్చినంత.

సూర్యుడి దాకా వెళ్లాలంటే గ్లోబు పనికిరాదు, భూమిని ఒక మిల్లీమీటరు పూసగా కుదించాలి. అప్పుడు సూర్యుడు 11 సెంటీమీటర్ల బంతి అవుతాడు, పూసకు దాదాపు 12 మీటర్ల దూరంలో ఉంటాడు. చంద్రుడు పూస పక్కన మూడు సెంటీమీటర్ల దూరంలో కంటికి ఆనీ ఆనని నలుసు. ఒక సెంటీమీటరుకు కాస్త మించిన గురుగ్రహం 60 మీటర్ల అవతల, నెప్ట్యూన్ 350 మీటర్ల అవతల. మైదానంలో పిల్లలను ఆయా చోట్ల నిలబెడితే, నెప్ట్యూన్ దగ్గరున్న పిల్లకు సూర్యుడి బంతి కనిపించడమే గగనమవుతుంది. ఆ తర్వాత, సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అతి దగ్గరి నక్షత్రం ఇదే కొలత ప్రకారం ఎక్కడుంటుందో చెప్పండి: 3,000 కిలోమీటర్లకు పైగా. ఎవరూ నడిచి చూపలేని దూరం వచ్చినప్పుడు గది నిశ్శబ్దమవుతుంది. అంతరిక్షంలో ఎక్కువ భాగం ఖాళీ అని ఆ నిశ్శబ్దంలో వాళ్లకు తెలుస్తుంది.

ఋతువుల విషయానికి వస్తే, ప్రాథమిక స్థాయిలో కారణం చెప్పకపోవడమే మేలని అనుకుంటున్నాను. 1987లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక డాక్యుమెంటరీ కోసం విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు కలిపి 23 మందిని ఋతువుల గురించో చంద్రకళల గురించో అడిగితే 21 మంది పొరపాటు వివరణ ఇచ్చారు. భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అన్నది అలాంటి వివరణల్లో అందరికీ తెలిసినది. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జులై మొదట్లో, 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో. ఉత్తరార్ధగోళంలో వేసవి ఉన్న రోజునే దక్షిణార్ధగోళంలో చలికాలం ఉంటుంది, దూరమే కారణమైతే అది కుదరదు. భూమి తన చుట్టూ తాను తిరిగే ఇరుసు, అంటే అక్షం, 23.4 డిగ్రీలు వాలి ఉండటమే అసలు కారణం.

ఈ అపోహకు పాఠ్యపుస్తకాల బొమ్మ కూడా కొంత బాధ్యత వహించాలి. భూకక్ష్యను ఏటవాలుగా చూసినట్టు గీస్తారు కాబట్టి అది సాగదీసిన కోడిగుడ్డులా కనిపిస్తుంది. కక్ష్యను 30 సెంటీమీటర్ల వెడల్పుతో ఉన్నదున్నట్టు గీస్తే దాని పొడవు వెడల్పుల తేడా పెన్సిల్ గీత మందం కన్నా తక్కువ. చూసినవాళ్లు వృత్తమనే అంటారు. సూర్యుడు మాత్రం కేంద్రానికి రెండున్నర మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటాడు.

వాలిన అక్షం సూర్యుని చుట్టూ తిరుగుతూ కూడా తన దిశ మార్చుకోదని ఊహించడం ఎనిమిదేళ్ల వయసుకు చాలా బరువు. అమెరికాలో 2013లో వెలువడిన విజ్ఞానశాస్త్ర బోధన ప్రమాణాలు కూడా ఒకటో తరగతిలో సూర్యచంద్ర నక్షత్రాల కదలికలను గమనించడం, ఐదో తరగతిలో నీడలు, రాత్రీ పగలూ పెట్టి, చంద్రకళలకూ ఋతువులకూ కారణాలను ఆరు నుంచి ఎనిమిది తరగతులకు వాయిదా వేశాయి. చంద్రకళల్లో బంతి చేతిలో ఉంటే కాస్త ముందే వెళ్లవచ్చని నా ఆలోచన. ఋతువుల్లో మాత్రం కర్ర నీడను ఏడాది పొడవునా నెలకోసారి మధ్యాహ్నం కొలిచి రాసుకుంటే సరిపోతుంది. ఆ కాగితం దాచుకున్న పిల్లలకు పై తరగతిలో వివరణ వచ్చేసరికి వివరించాల్సినదేమిటో ముందే తెలిసి ఉంటుంది.

వ్యోమగాములు తేలడం గురించి పిల్లలు తప్పక అడుగుతారు. "అక్కడ గురుత్వాకర్షణ ఉండదు" అనే తేలిక జవాబు ఇవ్వకండి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గర భూమి లాగే బలం నేల మీదకన్నా పదో వంతు మాత్రమే తక్కువ. కేంద్రమూ అందులోని మనుషులూ కలిసి పడిపోతూనే ఉన్నారు, కాకపోతే ఎంత వేగంగా పక్కకు పోతున్నారంటే పడుతూ పడుతూ భూమి వంపును దాటేస్తున్నారు. గంటన్నరకు ఒక చుట్టు.

పెద్దవాళ్లకు తెలియని ప్రశ్నలూ వస్తాయి. "నాకు తెలియదు, వెతుకుదాం" అన్న టీచరు పట్ల పిల్లల గౌరవం తగ్గదు. శాస్త్రంలో జవాబులు మారతాయని కూడా వాళ్లకు తెలియాలి. ప్లూటో అందుకు చక్కని కథ. 1930లో దాన్ని కనుగొన్నప్పుడు పేరు సూచించింది ఇంగ్లండుకు చెందిన 11 ఏళ్ల వెనీషియా బర్నీ. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహానికి నిర్వచనం ఇచ్చి, ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది. ప్లూటోకు ఏమీ కాలేదు, అది ఎప్పటిలాగే తిరుగుతోంది. మారింది మనం వస్తువులను విడదీసే పద్ధతి. ఒక పెట్టెలో గవ్వలు, రాళ్లు, గుండీలు పోసి "మీ ఇష్టం వచ్చినట్టు వేరు చేయండి" అంటే పది నిమిషాల్లో పిల్లల మధ్య వచ్చే వాదన, ఖగోళ శాస్త్రవేత్తల మధ్య వచ్చిన వాదనకు పెద్ద దూరంలో ఉండదు.

ఇంతా చెప్పి, ఒకే ఒక్క పని చేయగల వీలుంటే ఏది చేయాలని ఎవరైనా అడిగితే గ్లోబును ఎండలోకి తీసుకెళ్లమంటాను. స్టాండు నుంచి ఊడదీసి ఒక ఖాళీ డబ్బా మూతి మీద కూర్చోబెట్టాలి. మనం ఉన్న ఊరు సరిగ్గా పైన ఉండేలా తిప్పాలి, దాని ఉత్తర ధ్రువం నిజమైన ఉత్తర దిక్కు వైపు ఉండాలి. ఇప్పుడు ఈ గ్లోబు పెద్ద భూమి ఎలా ఉందో అలాగే ఉంది, అదే సూర్యుడు రెండింటి మీదా పడుతున్నాడు. గ్లోబు మీద వెలుగున్న చోట ఈ క్షణాన నిజంగా పగలు, చీకటి ఉన్న చోట నిజంగా రాత్రి. వెలుగు అంచున ఉన్న దేశాల్లో ఒక వైపు తెల్లవారుతోంది, మరో వైపు పొద్దుగూకుతోంది. అడుగున ఉన్న దేశాల మనుషులు తలకిందులుగా లేరు, వాళ్లకు మనమే అడుగున ఉన్నాం. వెలుగు అంచు మీద సుద్దముక్కతో గీత గీయించి, ఎవరూ గ్లోబును ముట్టుకోకుండా ఒక గంట తర్వాత రమ్మనండి. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద భూమధ్యరేఖ దగ్గర అంచు గీతను దాటి దాదాపు నాలుగు సెంటీమీటర్లు పడమటికి జరిగి ఉంటుంది. గ్లోబును ఎవరూ కదపలేదు. మరి ఏం కదిలింది, అని అడిగి జవాబు కోసం ఆగండి.